పరసయ్య పద్దు

మే నెల. బాయిలర్ ఆపేసిన మధ్యాహ్నం.
షావుకారు ఒక మనిషిని తెచ్చి నా బల్ల ముందు నిలబెట్టి
రాసుకో, అన్నాడు.

ఆల్డన్ ప్రాస్పర్.
బస్తాల కుర్రాళ్లు చీకటిపడక ముందే
పరసయ్య అని పిలిచేశారు.
నేనూ అదే రాశాను.
మ్యాచికి మూడు వేలు, గోలుకి ఐదొందలు,
పడక గోడౌను మేడమీద.
గోనెసంచుల కొనుగోలుకీ జనరేటరు డీజిలుకీ మధ్య
కాస్త చోటుంటే అందులో ఇరికించాను.

పలాసలో జీడిపప్పు వర్తకుల కప్పు, పదహారు జట్లు.
అతనికి ముప్పై ఆరేళ్లు. కుడి మోకాలికి
ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ.

మీ దేశం ఎక్కడ అంటే
క్యాలెండరు వెనక సముద్రం గీశాడు, చాలాసేపు గీశాడు,
చివర్న పెన్ను మొన ఆనించి తీసేశాడు.
ఆ చుక్క.

చుక్కలోంచి ట్రినిడాడు.
ఫిన్లాండులో ఒక చలికాలం. మంచులో ఆనడానికి
బంతికి నారింజరంగు వేస్తారట.
"బంతి ఆనేది. నా కాళ్లే తెలిసేవి కావు."
మస్కట్లో జీతం ఎగ్గొట్టిన క్లబ్బు,
ఢాకాలో డెంగ్యూ,
కలకత్తాలో ఆరు నెలలు, మలబారులో కోసేసిన మళ్లల్లో ఏడుగురాట,
తర్వాత మేం.
ఏ ఊళ్లోనూ రెండో ఏడు మామిడిపళ్లు తినలేదట.

దేశం తరఫున ఆడేవా?
పదకొండు నిమిషాలు, అన్నాడు.
బంతి నాలుగుసార్లు తగిలింది.
మొదటిది తలతో. రెండోది వెనక్కి పాసు.
మూడోది పోగొట్టాడు.
నాలుగోది చెప్పకుండా
గ్లాసు అడుగున పంచదార తిప్పుతూ కూచున్నాడు.

ఉద్దానం వేపు వ్యానులో పోతుంటే
మొదలంటా పడిపోయిన కొబ్బరితోట చూసి
"దాని పేరేంటి?" అన్నాడు.
తోట పేరు కాదు. తుపాను పేరు.
తిత్లీ, అన్నాను.
"మాకొచ్చినదానికి మగపేరు."
అంతే. పలాస తిరిగొచ్చేదాకా
మా ఇద్దరికీ ఇంకో మాట అక్కర్లేకపోయింది.

షెడ్డులో గింజలు కొట్టే గున్నమ్మ
జీడినూనెకి నల్లబడిన వేళ్లతో ఒక పండు అందించింది.
కొరికి కళ్లు మూసుకున్నాడు.
వాళ్లమ్మ పెరట్లో ఇదే చెట్టు ఉందట.
"ఏ పండైనా గింజని కడుపులో దాసుకుంటాది బాబూ,
ఇదొక్కతే బయట ఏలాడేసుకు తిరుగుతాది" అంది గున్నమ్మ.
ఏమందని అడిగాడు.
నా పదో తరగతి ఇంగ్లీషు అంత దూరం పోలేదు.
పండు బావుందా అంటోంది, అన్నాను.

సెమీస్‌లో బరంపురం జట్టు.
డెబ్బయ్యో నిమిషం, ఎదురుగా గోలు, గోలీ ఒక్కడే.
తన్నితే ఐదొందలు.
తన్నలేదు.
పక్కనొస్తున్న లోడింగు కుర్రాడు కూర్మారావుకి తోశాడు,
వాడు కళ్లు మూసుకుని కొట్టాడు, పోయింది లోపలికి.
రైల్వే గ్రౌండంతా కూర్మారావు, కూర్మారావు!
రాత్రి లెక్క చూసుకుంటే
నా పుస్తకంలో గోలుకి గడి ఉంది, పాసుకి లేదు.
ఐదొందలు కూర్మారావు పేరున పడ్డాయి.
వాడు ఆ డబ్బుతో చెప్పులు కొనుక్కున్నాడు.

ఫైనలు ఓడిపోయాం. ఎలాగన్నది వద్దు,
షావుకారు ఇప్పటికీ రిఫరీని తిడుతుంటాడు.

కటక్‌లో ఇంకో కప్పు ఉందని ఫోనొచ్చింది.
కిలో ముక్క కట్టి పంపించు, అన్నాడు షావుకారు.
నేను గుండు కట్టాను.
పుస్తకంలో ముక్క అని రాశాను.
ముప్పై ఒక్కేళ్ల గుమస్తా పనిలో
చేతులారా రాసిన తప్పు అదొక్కటే.

పాసింజరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి
అరచేత్తో రెండుసార్లు పెట్టె గోడ మీద తట్టాడు,
గుర్రాన్ని అదిలించినట్టు.
బండి ఇంకా కదల్లేదు. సిగ్నలు పడలేదు.
అలా పావుగంట
ఒకరి మొహం ఒకరం చూస్తూ, చెప్పుకోడానికి ఏమీ లేక.

మార్చిలో ఆడిటరు వేలు పెట్టి ఆపాడు:
ఎవరీ పరసయ్య? ఆధారు కార్డేదీ?
లోడింగు మనిషండీ, అన్నాను.
ఎక్కడున్నాడిప్పుడు?
క్యాలెండరు మారిపోయింది.
పాతదాని వెనక చుక్క
బీరువాలో ఎక్కడో ఉంటుంది.